నీళ్లు అడగని తోట

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో రైలు ఎక్కితే ఎల్.బి. నగర్ చేరేలోపల మధ్యన రెండే స్టేషన్లు: చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. ఈసారి ఎక్కినప్పుడు ఆ కొద్ది నిమిషాలూ సెల్‌ఫోను సంచీలో పెట్టేసి కిటికీలోంచి కిందికి చూడండి. 2018లో ఈ రైలు వచ్చేదాకా మన ఇళ్లను మనం పైనుంచి చూసుకునే యోగం లేదు. డాబాలు, నీళ్ల టాంకులు, ఆరేసిన బట్టలు, ప్రహరీ గోడకూ ఇంటికీ మధ్య నున్నగా పోసిన సిమెంటు. మట్టి కనపడే వాకిలి ఎక్కడుందా అని వెతుక్కోవలసిందే.

ఎవరినో తప్పు పట్టాలని చెప్పడం లేదు. నేనూ మా ఇంటి ముందు సిమెంటు పోయించడానికి మేస్త్రీకి బయానా ఇచ్చినదాన్నే. ఆ బేరం ఎలా తప్పిపోయిందో, ఆ చోట జపాను పద్ధతి తోట ఎలా వచ్చిందో ఇవాళ చెప్తాను. జపాను అనగానే ఖర్చు అనుకుని రేడియో కట్టేయకండి. నాకు అయిన ఖర్చులో సగం నా పొరపాట్లకే అయింది. అవి కూడా చెప్తాను, మీకు ఆ సగం మిగులుతుంది.

మాది ఎల్.బి. నగర్‌లో రెండు వందల గజాల స్థలం, పడమటి ముఖం ఇల్లు. పునాదులు తీసేటప్పుడు వాకిలి పక్కన నడుమెత్తు గుండు ఒకటి బయటపడింది. మన ప్రాంతంలో ఇది వింతేమీ కాదు గదా, ఎక్కడ తవ్వినా గుండ్లే. అదృష్టం కొద్దీ అది నైరుతి మూలన వుంది. బరువు నైరుతిలో వుంటే మంచిదేనన్నారు మా మామగారు. ఈశాన్యంలో గనక వుంటే ఒక్కరోజు కూడా వుండనిచ్చేవారు కాదు. అసలు సంగతి, దాన్ని పగలగొట్టించడానికి మా దగ్గర అప్పుడు డబ్బు లేదు. అలా మిగిలిపోయింది.

ఆ గుండు ముందర పది అడుగులకు పన్నెండు అడుగుల జాగాలో పచ్చగడ్డి వేసుకున్నాం. వేసిన కొత్తలో ముచ్చటగానే వుండేది. తరవాత తెలిసింది దాని ఆకలి. వేసవిలో రోజుకు అయిదు మిల్లీమీటర్ల నీళ్లు పెట్టాలన్నా, నూటయిరవై చదరపు అడుగులకు యాభై అయిదు లీటర్లు. అంటే ఇంచుమించు నాలుగు బకెట్లు. మోసేది ఎవరు? మగవారు ఆఫీసుకు పోతారు, పిల్లలు బడికి పోతారు. గడ్డి మాత్రం ఇంట్లో వున్న మనిషి మొహమే చూస్తుంది. పైగా మన కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు నూరు కిలోమీటర్ల అవతలి నుంచి మోటార్లతో ఎత్తి పోస్తే సాహెబ్‌నగర్‌కు వచ్చి, అక్కడి నుంచి మన వీధికి వస్తాయి. అంత దూరం నుంచి వచ్చిన నీళ్లు గడ్డికి పోస్తుంటే నాకు చెయ్యి ఆడేది కాదు.

ఒక ఏడాది మే నెలలో మా బోరు నీళ్లకు బదులు గాలి వదలడం మొదలుపెట్టింది. టాంకరు తెప్పించుకున్నాం. టాంకరు నీళ్లు తాగడానికా, గడ్డికా? పది రోజుల్లో గడ్డి గోనెపట్టా రంగుకు తిరిగింది. “గుండు పగలగొట్టించి సిమెంటు పోయిద్దాం, అబ్బాయి కారు పెట్టుకుంటాడు” అన్నారు మావారు. నేనూ సరేనన్నాను. మోకాళ్ల నొప్పులు మొదలైన మనిషికి అంతకన్న మంచిమాట ఏముంటుంది!

ఆ రోజుల్లోనే ఎవరి ఇంట్లోనో పాత పుస్తకం తిరగేస్తుంటే ఒక ఫోటో కనపడింది. కంకర పరిచిన నేల, అందులో అక్కడక్కడ రాళ్లు. చెట్టు లేదు, పువ్వు లేదు. కింద “తోట” అని రాసి వుంది. ఇల్లు కట్టగా మిగిలిన సామానులా వుందే, ఇదేం తోట అని నవ్వుకున్నాను. తరవాత చదివితే అది క్యోటో నగరంలోని ర్యోఆన్‌జి అనే బౌద్ధాలయం తోట. ఆ ఆలయం 1450లో వెలిసింది. పాతిక మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు వున్న జాగాలో పదిహేను రాళ్లను అయిదు గుంపులుగా పెట్టారు. వసారాలో ఎక్కడ కూర్చుని చూసినా ఒక్క రాయయినా ఇంకో రాయి చాటున దాగుతుందే తప్ప పదిహేనూ ఒక్కసారి కనపడవు. రాళ్ల మొదట్లో కాస్త నాచు తప్ప పచ్చదనమే లేదు. 1994లో క్యోటోలోని ప్రాచీన కట్టడాలతో కలిపి దాన్ని ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో చేర్చారు.

ఇటువంటి తోటను జపాను భాషలో కరెసన్‌సుయ్ అంటారు. ఎండిన కొండా నీరూ అని అర్థం. పదకొండవ శతాబ్దంలో తోటల గురించి రాసిన సకుతెయ్‌కి అనే గ్రంథంలోనే ఈ మాట వుంది. చెరువుగానీ కాలువగానీ లేని చోట రాళ్లను నిలబెట్టే పద్ధతి అని అక్కడి అర్థం. నీళ్లు లేని చోట! ఈ ముక్క చదివాక నాకు మా బోరు గుర్తుకు వచ్చింది. ఏటి వంపులను కంకరలో గీతలుగా గీస్తారు. కొండ అంటే రాయే. నీళ్లు మనసులో వూహించుకోవలసిందే.

ఇంకొక సంగతి చూడండి. క్యోటో తోటల్లో పరిచే తెల్లని కంకర అక్కడి షిరకవ ప్రాంతపు గ్రానైటు రాయి వానకూ ఎండకూ శిథిలమైతే ఏర్పడింది. మన హైదరాబాదు కూర్చున్నదీ గ్రానైటు మీదే. ఈ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. అది శిథిలమైతే మనం మొరం అంటాం, లారీకింత అని కొని పునాదుల్లో పోస్తాం. వాళ్లు శుభ్రం చేసి తోటలో పరుస్తారు. రంగు వేరేగానీ పుట్టుక ఒకటే. ఆ సాయంత్రం బయటకు వచ్చి గుండు వైపు చూశాను. అన్నేళ్లూ దాని మీద వడియాలు ఆరబెట్టుకున్నానేగాని, దాన్ని చూసింది లేదు. మర్నాడు మేస్త్రీకి కబురు పెట్టాను, వద్దని. బయానా తిరిగి రాలేదనుకోండి.

ఇక పని సంగతి. ముందుగా గడ్డి పీకి, నాలుగు అంగుళాల మట్టి తీయించాలి. తుంగ వుంటే గడ్డలతో సహా ఏరాలి. ఇక్కడ బద్ధకించారంటే, మీరు పైన ఏం పరిచినా చీల్చుకుని వస్తుంది. నేల దిమ్మిస చేసేటప్పుడు వాలు ఇంటి గోడ వైపు కాక, ఇంకుడు గుంత వైపు వుండాలి. 2002 నాటి వాల్టా చట్టం వచ్చాక ఇంకుడు గుంత అనే మాట అందరికీ తెలిసిందేగాని, చాలా ఇళ్లలో అది పేరుకే వుంటుంది. ఎలాగూ మనుషులు వచ్చి వున్నారు గనక, పూడిక తీయించి డాబా గొట్టం కూడా అందులోకి మళ్లించండి.

నేల మీద నేను ప్లాస్టిక్ పట్టా పరిచాను. అది మొదటి పొరపాటు. కలుపు రాదని పరిస్తే, నీరూ దిగలేదు. మొదటి వానకే కంకర కింద మడుగు కట్టి వాసన కొట్టింది. మొత్తం తోడించి, నర్సరీల వాళ్లు పందిళ్లకు కట్టే ఆకుపచ్చ వలను రెండు మడతలు వేయించాను. నీళ్లు దిగుతాయి, కలుపు చాలావరకు ఆగుతుంది.

రెండో పొరపాటు పాలరాతి ముక్కలు. ఫోటోలో తెల్లగా వుంది గదా అని తెల్లటివే తెచ్చాను. పడమటి ఇల్లు, సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది. “బిడ్డా, కన్ను నిలుస్తలేదు, గిదేం తోటే!” అన్నది మా అత్తమ్మ, చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆమెది నల్లగొండ వైపు వూరు, మనసులో మాట దాచుకోదు. నిజమే, వేసవిలో ఆ తెలుపును చూస్తే తలనొప్పి వచ్చేది, దుమ్ము పడితే పది రోజుల్లో మాసిపోయేది. వాటిని తీసేసి, స్లాబుకు వాడే బూడిదరంగు బేబీ చిప్స్ పోయించాను. ఎన్ని కావాలంటారా? రెండు అంగుళాల మందానికి నా జాగాకు ఇరవై ఘనపుటడుగులు పట్టాయి. తెచ్చినవి తెచ్చినట్టు పోయకుండా తట్టల్లో వేసి కడిగించండి. క్రషర్ పొడి మిగిలితే వానకు గట్టిపడుతుంది, ఆ పొడిలోనే గడ్డి మొలుస్తుంది. గుండ్రటి ఏటి గులకరాళ్లు అందంగా వుంటాయిగాని గీత నిలవదు, దొర్లిపోతాయి. క్రషర్ చిప్స్‌కు అంచులు వుంటాయి గనక ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

రాళ్లు కొనకండి. మనకు తోట కావాలని ఎక్కడో గుట్టను పేల్పించడం కన్న అన్యాయం లేదు. ఇప్పటికే మన చుట్టూ గుట్టలు ఎన్ని మాయమైపోయాయో మీకు తెలుసు. మిగిలినవాటినైనా కాపాడుకుందామని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం హైదరాబాదులో ఏర్పడింది. మీ వీధిలో ఎవరో ఒకరు పునాది తీస్తూనే వుంటారు, తీసిన రాళ్లను మోయించి పారేయడానికి వాళ్లే డబ్బు ఇచ్చుకుంటారు. మర్యాదగా అడగండి. నేను రెండు రాళ్లు అలా తెచ్చుకున్నాను. మా గుండుతో మూడయ్యాయి. మూడు, అయిదు, ఏడు, ఇలా బేసి లెక్కలో వుండడం జపాను వారి అలవాటు. ఒకే ఎత్తు రాళ్లు పక్కపక్కన పెట్టకూడదు. రాయిని నేల మీద దించి వదిలేయకుండా, మూడో వంతు లోపలికి పాతాలి. అప్పుడు అది అక్కడే పుట్టినట్టు వుంటుంది. పైన పెట్టి వదిలేస్తే లారీలోంచి జారిపడ్డట్టు వుంటుంది. దయచేసి మీరు ఎత్తబోకండి. గడ్డపారా మోకూ వున్న ఇద్దరు మనుషుల పని అది.

గీతల కోసం పళ్ల కర్ర కావాలి గదా. దర్వాజా చెక్క ముక్కకు రెండేసి అంగుళాల ఎడంలో మేకులు కొట్టించి, పాత చీపురు కర్ర బిగించారు మావారు. రాళ్ల చుట్టూ వలయాలు, మిగతా చోట నిలువు గీతలు. రాయి వేస్తే చెరువులో అలలు లేస్తాయే, అలా. ముగ్గు పెట్టే చెయ్యి మనది, వేరే ఎవరూ నేర్పనక్కరలేదు. ముగ్గు మర్నాటికి చెరిగిపోతుంది, ఇది వారం దాకా నిలుస్తుంది. పెద్ద వాన పడితే మాత్రం మళ్లీ గీయవలసిందే.

మొక్కల దగ్గర పేచీ వచ్చింది. జపాను పుస్తకాల్లో మేపుల్ చెట్టు, నల్ల పైను చెట్టు, నాచు వుంటాయి. క్యోటోలో వాన మనకన్న రెట్టింపుకు దగ్గరగా కురుస్తుంది. మనకు ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్లు, అదీ జూన్ నుంచి సెప్టెంబరు లోపలే చాలావరకు. శ్రావణంలో గోడ మీద నాచు దానంతట అదే వస్తుంది, ఉగాది నాటికి ఎండి రాలుతుంది. దాన్ని అలాగే వదిలేయండి. మేపుల్ మొక్క నలభై రెండు డిగ్రీల ఎండలో బతకదు. ఎవరైనా నర్సరీలో అమ్మజూపితే నమ్మకండి.

మరి దాని బదులు? మన గుట్టల్లో గుండ్ల సందుల్లోంచి వచ్చే చెట్టు ఏదో గుర్తు తెచ్చుకోండి. సీతాఫలం! పోసేవాళ్లు లేకపోయినా మొరంలో, రాతి పగుళ్లలో పెరుగుతుంది. ఎండకాలం ఆకు రాల్చి బోడిగా నిలబడుతుంది. ఆ వంకర కొమ్మలు చూస్తే జపాను వారి బొమ్మల్లో చెట్టే. తొలకరికి చిగురిస్తుంది, దసరా రోజుల్లో పళ్లు. మా గుండుకు పడమటి పక్కన ఒకటి నాటాను. మొదటి రెండు వేసవులు వారానికి రెండు చెంబులు పోశాను, తరవాత అడగలేదు. పడమర నాటడానికి కారణం వుంది. రాయీ కంకరా పగలంతా ఎండ తాగి సాయంత్రం వేడి కక్కుతాయి. ఈ విషయంలో పచ్చగడ్డే నయం, ఒప్పుకోవాలి. చెట్టు నీడ పడితే ఆ వేడి చాలావరకు తగ్గుతుంది. ఇంటి గోడకూ కంకరకూ మధ్య రెండడుగులు వదిలి, ఆ పట్టీలో పొట్టి నూరువరహాలు వేసుకోవచ్చు. నీడ చోటు అయితే స్నేక్ ప్లాంట్ అని అమ్ముతున్నారే, అది చాలు. పచ్చదనం మీద మరీ ఆశ వుంటే కొరియన్ గడ్డి జేబురుమాలంత వేసుకోండి, కత్తిరించే పని దాదాపు వుండదు.

“పువ్వు లేదు, పత్రి లేదు, దేవునికి ఏం పెడతవు?” అన్నది అత్తమ్మ. ఆమె మాట కోసం నందివర్ధనం ఒకటి నాటాను. తులసికోట ఎక్కడున్నది అక్కడే వుంది. జపాను వారు చూస్తే ఏమంటారో నాకు తెలియదు. తోట వాళ్లది కాదు గదా, మాది.

ఇక రోలు. జపాను తోటల్లో చేతులు కడుక్కోవడానికి రాతి తొట్టి పెడతారు. గ్రైండరు వచ్చాక మా రుబ్బురోలు మెట్ల కింద పడివుంది. దాన్ని బయటకు తెప్పించి గుండు పక్కన సగం పాతించి నీళ్లు పోశాను. పిచికలు రావడం తగ్గిపోయిందని అంటున్నారుగాని, గోరింకలూ పికిలిపిట్టలూ వస్తున్నాయి. అయితే ఒక్క హెచ్చరిక. డెంగ్యూ దోమ మురుగులో కాదు, ఇలాంటి మంచి నీటిలోనే పెరుగుతుంది. గుడ్లను నీటి అంచున గోడకు అంటిస్తుంది. అందుకని నీళ్లు మారిస్తే చాలదు, వారానికి ఒకసారైనా పీచు పెట్టి తోమాలి. నేను శుక్రవారం గడప కడిగేటప్పుడే రోలూ తోముతాను, మరిచిపోయే ప్రశ్న లేదు. కుదరదనుకుంటే రోలును ఖాళీగా బోర్లించి పెట్టండి, అందానికేమీ లోటు రాదు.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన మీరెవరూ మరిచిపోయి వుండరు. హయత్‌నగర్, ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో ముప్ఫై సెంటీమీటర్ల దాకా పడింది. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్ పక్కన వుండే మా ఆడపడుచు పిల్లలతో మేడ మీద రెండు రాత్రులు గడిపింది. ఒక కంకర తోట వుంటే ఆ వరద ఆగేదని నేను అనను, అది అబద్ధం. కాని లెక్క చూడండి. మామూలు ఏడాదిలో నూటయిరవై చదరపు అడుగుల మీద పడే వాన దాదాపు తొమ్మిది వేల లీటర్లు. వెయ్యి అడుగుల డాబా మీద పడేది డెబ్భై వేల లీటర్లు దాటుతుంది. సిమెంటు పోస్తే ఇదంతా వీధిలోకి, వీధిలోంచి పల్లంలో వున్నవారి ఇంట్లోకి. మా ఆడపడుచుది పల్లం, మాది మెరక. ఈ సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. నేనైతే అనుకోకుండా వుండలేకపోయాను.

ఫ్లాటుల్లో వుండే చెల్లెళ్లు, మా సంగతేమిటని అడుగుతారు. బాల్కనీ నిండా కంకర పోయకండి. రెండు అంగుళాల మందం అంటే చదరపు అడుగుకు ఏడెనిమిది కిలోల బరువు. వెడల్పాటి మట్టి పళ్లెం ఒకటి, రెండు పిడికిళ్ల చిప్స్, ఒడ్డున దొరికిన మూడు రాళ్లు, గీయడానికి పాత దువ్వెన, ఇంతే. పొయ్యి మీద పాలు పొంగేలోపల గీసుకోవచ్చు. పాలు మాత్రం మరిచిపోకండి, నాకు రెండుసార్లు పొంగాయి.

పని లేని తోట అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ర్యోఆన్‌జిలోనూ పళ్ల కర్రతో గీసే మనుషులు వున్నారు. నాకు వారానికి అరగంట పడుతుంది. మాఘ, ఫాల్గుణాల్లో సీతాఫలం ఆకు రాలినప్పుడు రోజూ పది నిమిషాలు. చీపురు పెడితే కంకర లేస్తుంది గనక ఆకులు చేత్తో ఏరాలి, వంగలేనివారు పొడుగు పట్టకారు కొనుక్కోండి. ఏడాదికి ఒకసారి నాలుగైదు తట్టల చిప్స్ కొత్తవి కలపాలి. నీళ్లు మాత్రం, నందివర్ధనానికీ రోలుకూ కలిపి, రోజుకు ఒక బకెట్టు కూడా పట్టవు. బోరు మళ్లీ గాలి వదిలినా నాకు గుండె జారదు. అబ్బాయి కారు మాత్రం ఇప్పటికీ వీధిలోనే వుంటుంది, అద్దం మీద గీత పడ్డప్పుడల్లా గుండు వైపు చూసి నాకు గుర్తు చేస్తూనే వుంటాడు.

పిల్లుల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. మా తోట చూడడానికి వచ్చిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఇదే. మెత్తని ఇసుక పోశారో, వీధిలోని పిల్లులన్నిటికీ అదే మరుగుదొడ్డి. చిప్స్ గరుకుగా గుచ్చుకుంటాయి గనక చాలావరకు రావు. వచ్చే ఒకటీ అరా పిల్లిని ఆపే ఉపాయం నాకు ఇంకా దొరకలేదు. మీకు తెలిస్తే ఒక కార్డు ముక్క రాయండి.